ఆయిల్‌తో ఆలోచించే గేర్‌బాక్స్

ఈ సంచికలో కథలూ కవితలూ మిగతావాళ్లు చూసుకుంటారు. నేను మాత్రం గేర్‌బాక్స్ గురించి రాస్తున్నా. అదీ కొత్తది కాదు, పాత కార్లలో ఉండే ఆటోమేటిక్ గేర్‌బాక్స్. సీఎస్‌ఈ చదివేవాళ్లకి మెకానికల్ బ్రాంచ్ సంగతులతో ఏం పని అంటారేమో. పని ఉంది. ఆ బాక్స్ లోపల చిప్ లేకుండా, ఒక్క లైన్ కోడ్ లేకుండా, ఆయిల్ ప్రెషర్‌తో మాత్రమే నిర్ణయాలు తీసుకునే ఒక కంప్యూటర్ ఉంది. దాన్ని అర్థం చేసుకుంటే పాత ఆటోమేటిక్ కారుని ఎలా చూసుకోవాలో చాలావరకు దానంతట అదే తెలిసిపోతుంది.

ఇంకో కారణం మన ఊరే. అనంతపురం నుంచి బెంగళూరు వైపు 44వ నంబరు హైవే మీద వెళ్తుంటే పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా ఫ్యాక్టరీ కనిపిస్తుంది. 2019 ఆగస్టులో అక్కడి నుంచి సెల్టోస్ బయటికొచ్చింది. మొదటి సెల్టోస్‌లోనే మూడు రకాల ఆటోమేటిక్‌లు ఉన్నాయి: మామూలు పెట్రోల్ ఇంజిన్‌కి ఐవీటీ, టర్బో పెట్రోల్‌కి ఏడు గేర్ల డీసీటీ, డీజిల్‌కి ఆరు గేర్ల టార్క్ కన్వర్టర్ బాక్స్. అంటే ప్రపంచంలో వాడుకలో ఉన్న ముఖ్యమైన ఆటోమేటిక్ రకాలు మన కళ్లముందే కార్లలో బిగిస్తున్నారు. అదే నేల మీద, ఇరవై పాతికేళ్ల ఆటోమేటిక్ కారుని చూడగానే "అబ్బా, ఇది ఆటోమేటిక్. రిపేరు రాదు, అమ్మేయండి" అనేస్తున్నారు. బాగుపడే కార్లు ఎన్నో ఆ ఒక్క మాటతో తుక్కుకి పోతున్నాయి.

మన దగ్గర పాత ఆటోమేటిక్ అంటే ఏది?

అంబాసిడర్, పద్మిని కాలంలో మన రోడ్ల మీద దాదాపు అన్నీ మాన్యువల్ బళ్లే. ఆటోమేటిక్ అంటే బయటి దేశాల నుంచి వచ్చిన పెద్ద అమెరికన్ కార్లు, బెంజ్‌లు. తర్వాత 1990లలో మారుతి జెన్, హోండా సిటీ లాంటి వాటికి ఆటోమేటిక్ మోడళ్లు వచ్చాయి. అవి ఎక్కువ అమ్ముడవలేదు కాబట్టి వాటి మీద చెయ్యి తిరిగిన మెకానిక్‌లూ ఎక్కువమంది తయారవలేదు. 2014లో సెలేరియో ఏఎంటీతో చవక ఆటోమేటిక్‌ల కాలం మొదలైంది. కానీ ఏఎంటీ వేరే జాతి. అది మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే, క్లచ్ నొక్కడం, గేరు మార్చడం అనే పనులని మన కాలికీ చేతికీ బదులు ఒక యంత్రాంగం చేస్తుందంతే. నేను చెప్పేది దాని గురించి కాదు. టార్క్ కన్వర్టర్ ఉన్న పాత బాక్సుల గురించి.

రెండు ఫ్యాన్లు, ఒక సూర్యుడు

రెండు టేబుల్ ఫ్యాన్లు ఎదురెదురుగా పెట్టి ఒకటి ఆన్ చేస్తే, దాని గాలికి రెండోది కూడా మెల్లగా తిరుగుతుంది. టార్క్ కన్వర్టర్ ఐడియా ఇదే. గాలి బదులు ఆయిల్. ఒక ఫ్యాన్ ఇంజిన్‌కి, రెండోది గేర్‌బాక్స్‌కి కలిపి ఉంటుంది. బండి ఆగి ఉన్నప్పుడు ఇంజిన్ తిరుగుతున్నా ఆయిల్ జారిపోతూ ఉంటుంది కాబట్టి బండి ఆఫ్ అవ్వదు. రెండింటి మధ్య స్టేటర్ అని ఇంకో చిన్న చక్రం ఉండి, వెనక్కి వచ్చే ఆయిల్ దిశని తిప్పి, బండి కదిలేటప్పుడు టార్క్‌ని దాదాపు రెట్టింపు దాకా పెంచుతుంది. ఈ ఆలోచన మొదట కార్ల కోసం పుట్టింది కాదు. జర్మనీకి చెందిన హెర్మన్ ఫోటింగర్ 1905లో ఓడల కోసం దీనికి పేటెంట్ తీసుకున్నాడు.

దాని వెనక ప్లానెటరీ గేర్లు ఉంటాయి. మధ్యలో సూర్యుడు, చుట్టూ గ్రహాలు, వాటి బయట లోపలివైపు పళ్లున్న ఒక రింగ్. గ్రహాలన్నిటినీ పట్టి ఉంచేది క్యారియర్. సూర్యుడికి 30 పళ్లు, రింగ్‌కి 60 పళ్లు అనుకోండి. రింగ్‌ని కదలకుండా పట్టుకుని సూర్యుణ్ణి తిప్పితే, సూర్యుడు మూడు చుట్లు తిరిగేసరికి క్యారియర్ ఒక చుట్టు తిరుగుతుంది. అది ఫస్ట్ గేర్ లాంటిది. సూర్యుణ్ణి పట్టుకుని రింగ్‌ని తిప్పితే ఒకటిన్నర చుట్టుకి ఒక చుట్టు. ఏవైనా రెండింటిని కలిపి బిగిస్తే మొత్తం ఒకే ముద్దగా తిరుగుతుంది, అది డైరెక్ట్ గేర్. క్యారియర్‌ని పట్టుకుంటే రింగ్ ఎదురు తిరుగుతుంది, అదే రివర్స్. గమనించారా, ఏ గేరూ పక్కకి జరగలేదు. ఎవర్ని పట్టుకున్నాం, ఎవర్ని వదిలేశాం అన్నదే తేడా.

ఆ పట్టుకునే పని చేసేవి క్లచ్ ప్లేట్లు, బ్యాండ్లు. వాటిని నొక్కేది ఆయిల్ ప్రెషర్. మరి ఎప్పుడు దేన్ని నొక్కాలో ఎవరు చెప్తారు?

నీరుగంటి

మన చెరువుల కింద పొలాలున్న ఊళ్లలో నీరుగంటి అని ఒకాయన ఉండేవాడు. తూము ఎప్పుడు ఎత్తాలి, ఏ కాలవకి ఎంతసేపు నీళ్లు వదలాలి అన్నది ఆయన చూసుకునేవాడు. గేర్‌బాక్స్‌లో ఆ పని చేసేది వాల్వ్ బాడీ. అడుగున ఉండే అల్యూమినియం దిమ్మ. దాని నిండా చిట్టడవి లాంటి సన్న కాలవలు, ఆ కాలవల్లో అటూ ఇటూ జారే చిన్న చిన్న వాల్వులు.

ప్రతి షిఫ్ట్ వాల్వ్‌కి రెండు వైపుల నుంచి ఆయిల్ తోస్తుంది. ఒక వైపు గవర్నర్ ప్రెషర్. బండి వేగం పెరిగేకొద్దీ అది పెరుగుతుంది. ఇంకో వైపు థ్రాటిల్ ప్రెషర్, దానికి తోడు ఒక స్ప్రింగ్. మీరు యాక్సిలరేటర్ ఎంత తొక్కితే అది అంత పెరుగుతుంది. వేగం వైపు గెలిస్తే వాల్వ్ జరిగి పై గేర్ పడుతుంది. తొక్కుడు వైపు గెలిస్తే కింది గేర్‌లోనే ఉంటుంది. మొదటి సెమిస్టర్‌లో మనం రాసిన ఇఫ్-ఎల్స్ ఇదే కదా! ఇంకో ముచ్చట కూడా ఉంది. పై గేర్‌కి మారే వేగం కంటే కింది గేర్‌కి దిగే వేగం తక్కువ ఉండేలా ఆ వాల్వ్‌ని చెక్కుతారు. లేకపోతే ఒకే వేగం దగ్గర బండి సెకండ్‌కీ థర్డ్‌కీ మధ్య ఊగిసలాడుతూ ఉంటుంది. దీన్నే మనం హిస్టరిసిస్ అని చదువుకుంటాం.

ఇలాంటి బాక్స్ పెద్ద ఎత్తున అమ్మకానికి వచ్చింది జనరల్ మోటార్స్ హైడ్రామాటిక్‌తో. 1939లో బయటపెట్టి, 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్ కార్లలో ఇచ్చారు. అందులో నాలుగు గేర్లు. ట్రాన్సిస్టర్ కనిపెట్టింది 1947లో. అంటే ట్రాన్సిస్టర్ కంటే ముందే ఈ ఆయిల్ కంప్యూటర్ రోడ్డెక్కింది. ఎంత బాగా కుదిరిందంటే, 1950లలో రోల్స్ రాయిస్ వాళ్లు కూడా సొంతంగా కొత్తది చేసుకోకుండా ఈ డిజైన్‌నే తీసుకున్నారు.

ఇప్పుడు అసలు సంగతి. ఈ బాక్స్‌లో ఆయిల్ అంటే లూబ్రికేషన్ ఒక్కటే కాదు. ఇంజిన్ బలాన్ని మోసేది అదే. క్లచ్‌ని నొక్కేది అదే. వాల్వ్‌లకి సిగ్నల్ అదే. వేడిని బయటికి తీసుకెళ్లేది అదే. ప్లేట్లు ఎంత జారాలో, ఎక్కడ పట్టుకోవాలో నిర్ణయించేదీ అదే. మాన్యువల్ బాక్స్‌లో ఆయిల్ పాడైతే గేర్లు మెల్లగా అరుగుతాయి. ఆటోమేటిక్‌లో ఆయిల్ పాడైతే కరెంటూ, వైరింగూ, కూలింగూ ఒకేసారి పాడైనట్టు. అందుకే పాత ఆటోమేటిక్‌ని చూసుకోవడం అంటే ముప్పాతిక వంతు దాని ఆయిల్‌ని చూసుకోవడమే.

బోరు నీళ్లకీ గేర్‌బాక్స్‌కీ ఏం సంబంధం?

టార్క్ కన్వర్టర్‌లో ఆయిల్ జారుతున్నంతసేపూ వేడి పుడుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడూ, ట్రాఫిక్‌లో ఆగి ఆగి నడిపేటప్పుడూ ఇంకా ఎక్కువ. మెకానిక్‌లు వాడే ఒక మోటు లెక్క ఉంది: 80 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఆయిల్ లక్షన్నర కిలోమీటర్ల పైన నిలబడితే, అక్కడి నుంచి ప్రతి 11 డిగ్రీలకి దాని ఆయుష్షు సగం అవుతుంది. ఆ లెక్కన 113 డిగ్రీల దగ్గర మిగిలేది 20 వేల కిలోమీటర్లే. కచ్చితమైన సూత్రం కాకపోయినా, వేడి ఎంత ప్రమాదమో తెలియడానికి చాలు.

చాలా కార్లలో ఈ ఆయిల్‌ని చల్లార్చే కూలర్ ఎక్కడుంటుందో తెలుసా? రేడియేటర్ ట్యాంక్ లోపలే. రెండు పైపులు గేర్‌బాక్స్ నుంచి రేడియేటర్‌కి వెళ్లి వస్తాయి. రేడియేటర్ బాగుంటేనే గేర్‌బాక్స్ బాగుంటుంది.

మన జిల్లాలో కథ అడ్డం తిరిగేది ఇక్కడే. ఎండాకాలం 40 డిగ్రీలు దాటడం మనకి మామూలు. బండి వేడెక్కితే దగ్గర్లో దొరికేది బోరు నీళ్లు. ఒక బాటిల్ పట్టి రేడియేటర్‌లో పోసేస్తాం. మన బోరు నీళ్లు ఎంత ఉప్పగా ఉంటాయో హాస్టల్‌లో బకెట్ అడుగు చూస్తే చాలు, తెల్లగా సున్నం కట్టి ఉంటుంది. అదే సున్నం రేడియేటర్ సన్న గొట్టాల్లోనూ, లోపలున్న ఆయిల్ కూలర్ చుట్టూ కూడా కడుతుంది. సున్నపు పొర వేడిని పోనివ్వదు. ఇంజిన్ టెంపరేచర్ ముల్లు కొంచెమే పైకి కనిపిస్తుంది, కానీ గేర్‌బాక్స్ ఆయిల్ లోపల మాడుతూ ఉంటుంది. దానికి పాత కార్లలో వేరే మీటర్ ఉండదు కాబట్టి మనకి తెలీదు.

మా మామ కారు విషయంలో జరిగింది ఇదే. పాతికేళ్ల ఆటోమేటిక్. ఉదయం బాగుండేది. మధ్యాహ్నం పామిడి దాకా వెళ్లి వెనక్కి తిరిగేసరికి డి లో పెట్టినా రెండు మూడు సెకన్లు కదిలేది కాదు, తర్వాత జర్క్ కొట్టి పట్టుకునేది. ఒక వర్క్‌షాప్‌లో ఆయిల్ కూడా చూడకుండా "బాక్స్ పోయింది, మార్చాలి" అన్నారు. చెప్పిన రేటు కారు ధరలో సగం పైనే. మామ అమ్మేద్దామనే అనుకున్నాడు. ఇంకో పెద్దాయన, ముప్పై ఏళ్లుగా బళ్లు చూస్తున్న మెకానిక్, డిప్‌స్టిక్ తీసి తెల్ల గుడ్డ మీద తుడిచి వాసన చూశాడు. "మాడింది, కానీ ఇంకా బొగ్గు కాలేదు" అన్నాడు. తర్వాత రేడియేటర్ మూత తీసి మామకి చూపించాడు. లోపల సున్నం. రేడియేటర్ మార్చి, కూలర్ పైపుల దగ్గర కారుతున్న చోట కొత్త హోస్‌లు వేసి, ఫిల్టర్ మార్చి, కొన్ని వందల కిలోమీటర్ల తేడాతో రెండుసార్లు ఆయిల్ మార్చాడు. కారు ఇంకా తిరుగుతోంది. పాడైన ప్రతి బాక్సూ ఇలా బాగవుతుందని నేను చెప్పట్లేదు. ప్లేట్లు అరిగిపోతే విప్పి కొత్తవి వేయాల్సిందే. కానీ ఆయిల్ చూడకుండా ఆ తీర్పు చెప్పడం మాత్రం తప్పు.

కాబట్టి మన ఊరికి మొదటి రూల్: రేడియేటర్‌లో బోరు నీళ్లు వద్దు. కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ కలిపి పొయ్యండి. డిక్కీలో ఒక క్యాన్ ఉంచుకోండి.

డిప్‌స్టిక్ చదవడం

ఇంజిన్ ఆయిల్ చూసినట్టే చూస్తే లెక్క తప్పుతుంది. చాలా కార్లలో బండిని పది పదిహేను కిలోమీటర్లు నడిపి, బాక్స్ వేడెక్కాక, సమంగా ఉన్న నేల మీద ఆపి, ఇంజిన్ నడుస్తూ ఉండగానే పార్క్‌లో చూడాలి. పాత క్రైస్లర్ బాక్సుల్లో న్యూట్రల్‌లో చూడాలి. హోండాల్లో ఇంజిన్ ఆపి, వెంటనే ఒకటి రెండు నిమిషాల్లోపు చూడాలి. అందుకే కారుతో వచ్చిన ఓనర్స్ మాన్యువల్ దొరికితే పారేయకండి. హ్యాండ్‌బ్రేక్ వేసి, చెయ్యి ఫ్యాన్ బెల్ట్‌కి దూరంగా ఉంచండి. స్టిక్ తుడిచే గుడ్డ శుభ్రంగా, పీచు రాలనిదై ఉండాలి. మన గాలిలో దుమ్ము తక్కువేం కాదు. వాల్వ్ బాడీలోని సన్న కాలవకి ఒక్క పీచు, ఒక్క ఇసుక రేణువు చాలు.

ఎక్కువ పోసినా ప్రమాదమే. తిరిగే గేర్లు ఆయిల్‌ని చిలికి నురగ చేస్తాయి. నురగలో గాలి ఉంటుంది, గాలి నలుగుతుంది, దాంతో ప్రెషర్ పడిపోతుంది. తక్కువైతే పంపు గాలి పీలుస్తుంది. రెండింటి లక్షణాలూ ఒకేలా ఉంటాయి.

రంగు కూడా చూడండి. మంచి ఏటీఎఫ్ ఎక్కువగా ఎర్రగా, పారదర్శకంగా ఉంటుంది. ముదురు గోధుమ రంగుకి తిరిగితే మార్చే టైమ్ దాటింది. నల్లగా ఉండి అడుగంటిన అన్నం లాంటి మాడు వాసన వస్తే ప్లేట్లు కాలుతున్నాయి. స్ట్రాబెర్రీ మిల్క్‌షేక్ లాగా ఉంటే రేడియేటర్ లోపల కూలర్ పగిలి, కూలెంట్ ఆయిల్‌లో కలిసిందని అర్థం. అప్పుడు ఇక నడపకండి. బండి అక్కడే ఆపేయాలి.

మార్చడం ఎలా?

అడుగున పాన్ విప్పితే బాక్స్‌లో ఉన్న ఆయిల్ అంతా రాదు. చాలా బాక్సుల్లో సగం, కొన్నిట్లో అంతకంటే తక్కువే వస్తుంది. మిగతాది టార్క్ కన్వర్టర్‌లో, కూలర్ పైపుల్లో ఉండిపోతుంది. కొన్ని పాత బెంజ్‌లలో కన్వర్టర్‌కి కూడా డ్రెయిన్ ప్లగ్ ఉంటుంది, అది అదృష్టం. లేనివాటికి కొన్ని వందల కిలోమీటర్లు నడిపి మళ్లీ మార్చడమే సులువైన దారి. ఎన్నో ఏళ్లుగా మార్చని బాక్స్‌ని మెషీన్ పెట్టి ఒత్తిడితో ఒకేసారి కడిగేస్తామంటే ఒప్పుకోవద్దు. పేరుకున్న మురికి కదిలి వాల్వ్ బాడీ కాలవల్లో ఇరుక్కుంటుంది.

పాన్‌లో అయస్కాంతం ఉంటే తీసి చూడండి. బూడిద రంగు మెత్తని పేస్ట్ ఉంటే కంగారు లేదు, అది మామూలు అరుగుదలే. మెరిసే లోహపు ముక్కలు చేతికి గుచ్చుకుంటే, లేదా క్లచ్ ప్లేట్ మీది నల్ల పొర ముక్కలు పాన్‌లో కనిపిస్తే బాక్స్ విప్పాల్సిందే. ఫిల్టర్, గాస్కెట్ కొత్తవి వేసి, బోల్టులు అడ్డంగా ఒకటి విడిచి ఒకటి, సమంగా బిగించాలి. రేకు పాన్‌ని అతిగా బిగిస్తే వంగి కారడం మొదలవుతుంది.

ఏ ఆయిల్? "ఏదైనా ఎర్ర ఆయిలే కదా" అనొద్దు. పాత ఫోర్డ్ బాక్సులకి టైప్-ఎఫ్, జీఎం వాటికి డెక్స్రాన్ అని వేర్వేరుగా ఉండేవి. తేడా ఎక్కడంటే, డెక్స్రాన్‌లో ప్లేట్లు మెత్తగా పట్టుకునేలా చేసే మందు కలుపుతారు, టైప్-ఎఫ్‌లో అది లేదు, గట్టిగా పట్టుకుంటుంది. ఒకదాని బదులు ఇంకోటి పోస్తే జర్క్ కొట్టొచ్చు, లేదా జారొచ్చు. ఆ మెత్తని పట్టు కోసం ఒకప్పుడు అమెరికాలో స్పెర్మ్ తిమింగలం నూనె కలిపేవారు. 1970లలో ఆ తిమింగలాల రక్షణ కోసం అమెరికా దాన్ని నిషేధించింది. కంపెనీలు కొత్త మందుల కోసం పరుగులు తీశాయి. ప్రత్యామ్నాయాలుగా పరీక్షించిన వాటిలో జొజోబా అనే ఎడారి మొక్క గింజల నూనె కూడా ఉంది. వాన పడని నేలలో పండే గింజ, సముద్రపు తిమింగలం చేసే పని చేయగలిగింది. ఒక ఆయిల్ డబ్బా మీది గ్రేడ్ వెనక ఇంత చరిత్ర ఉంటుందని నేనూ అనుకోలేదు.

బగ్ ఎక్కడుంది?

మెకానిక్‌ల భాష వింటే సగం డీబగింగ్ అయిపోతుంది. "పొద్దున లేట్‌గా పడుతోంది" అంటే, రాత్రంతా ఆగి ఉన్నప్పుడు కన్వర్టర్ ఆయిల్ కిందికి దిగిపోతుండొచ్చు, లేదా లెవెల్ తక్కువ, లేదా సీళ్లు గట్టిపడ్డాయి. "వేడెక్కాకే జారుతోంది" అంటే, ఆయిల్ పలచబడ్డాక ఎక్కడో ప్రెషర్ కారిపోతోంది. "ప్రతి గేరూ కొడుతోంది" అంటే ప్రెషర్ ఎక్కువైంది. ముందు వ్యాక్యూమ్ హోస్, లేదా థ్రాటిల్ కేబుల్ చూడాలి. ఆ కేబుల్ తప్పుగా కట్టిన కొన్ని బాక్సుల్లో ప్రెషర్ తక్కువై, ఎక్కువ దూరం పోకముందే ప్లేట్లు మాడిపోతాయి. కాబట్టి కార్బ్యురేటర్ పని చేయించాక ఆ కేబుల్ సరిగ్గా పెట్టారో లేదో అడగండి.

ఒక మంచి పజిల్ చెప్తా. ఆయిల్ లెవెల్ తగ్గుతోంది. కింద ఒక్క చుక్క లేదు. సైలెన్సర్ నుంచి తెల్ల పొగ. ఇంజిన్ పోయిందంటారు చాలామంది. కానీ వ్యాక్యూమ్ మాడ్యులేటర్ ఉన్న పాత బాక్సుల్లో దాని లోపలి పొర చిరిగితే, ఇంజిన్ ఆ సన్న హోస్ గుండా గేర్‌బాక్స్ ఆయిల్‌ని తాగేస్తుంది. హోస్ పీకి చూస్తే లోపల ఎర్రటి తడి కనిపిస్తుంది. మార్చాల్సింది అరచేతిలో పట్టే ఒక చిన్న డబ్బా. ఇంజిన్ కాదు!

చేయకూడనివి

బండి ఆగిపోతే ట్రాక్టర్‌కి తాడు కట్టి ఊరి దాకా లాక్కెళ్లడం మనకి అలవాటు. ఆటోమేటిక్‌ని అలా లాగొద్దు. ఆయిల్ పంపుని తిప్పేది ఇంజిన్. ఇంజిన్ ఆగితే పంపు ఆగుతుంది. చక్రాలు మాత్రం లోపలి గేర్లని పొడిగా తిప్పుతూ ఉంటాయి. ఇంజిన్ శక్తి వెళ్లే చక్రాలు పైకెత్తి లాగాలి, లేదా ఫ్లాట్‌బెడ్ పిలవాలి. తోసి స్టార్ట్ చేయడం కూడా చాలావాటిలో కుదరదు.

బండి పూర్తిగా ఆగకముందే రివర్స్ నుంచి డి కి మార్చొద్దు. ఎత్తు మీద ఆపితే ముందు హ్యాండ్‌బ్రేక్, తర్వాతే పార్క్. లేకపోతే బండి బరువంతా లోపలున్న ఒక చిన్న ఇనుప కొక్కెం మీద పడుతుంది. పండక్కి మాత్రమే తీసే కారైతే, నెలకోసారి స్టార్ట్ చేసి ఐదు నిమిషాల్లో ఆపేయకండి. బాక్స్ వేడెక్కేదాకా నడపండి. అప్పుడే రబ్బరు సీళ్లకి ఆయిల్ తగులుతుంది, లోపలి తేమ పోతుంది.

ఎందుకు కాపాడుకోవాలి?

2021లో కేంద్రం వింటేజ్ బళ్లకి ప్రత్యేక రూల్స్ తెచ్చింది. 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న బండికి నంబర్ ప్లేట్ మీద వీఏ అక్షరాలతో పదేళ్ల రిజిస్ట్రేషన్ ఇస్తారు. 1990ల ఆటోమేటిక్‌లు ఆ వయసుకి రావాలంటే ఇంకా చాలా ఏళ్లున్నాయి. మొత్తం ఎన్ని వచ్చాయో అంతే, కొత్తగా రావు. ఆ ఏళ్లు అవి బతకాలంటే మ్యూజియం అక్కర్లేదు. డిప్‌స్టిక్ చదవగలిగిన ఓనర్, వాసన చూసి తీర్పు చెప్పగలిగిన మెకానిక్ చాలు. ఆ రెండో రకం మనుషులు మన ఊళ్లలో పెద్దవాళ్లైపోతున్నారు. వాళ్లకి తెలిసింది ఏ పుస్తకంలోనూ తెలుగులో పెద్దగా లేదు.

సెలవులకి ఇంటికెళ్లినప్పుడు చుట్టాల ఇంట్లో పాత ఆటోమేటిక్ ఉంటే ఒక తెల్ల గుడ్డ పట్టుకుని వెళ్లండి. రేడియేటర్ చల్లారాక మూత తీసి లోపల సున్నం ఉందేమో చూడండి. దగ్గర్లో ఇలాంటి బాక్సులు విప్పే పెద్దాయన ఉంటే, ఆయన చెప్పింది చెప్పినట్టు రాసుకుని మన క్లబ్‌కి పంపండి. వచ్చే సంచికలో వేద్దాం.